శుక్రవారం నాటి గీత ఎవరిది

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. వాళ్ళు ఆశించేది పాముకాటో, వాగు పొంగిన రోజు కాన్పో. అవీ ఉన్నాయి నా దగ్గర. వాటిలో నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, వణుకు పైకి కనబడకుండా నిలబడటం. మరిచిపోలేనిది మాత్రం ఒక గుండె. ఆ గుండెను ముందు చూశాను. మనిషిని తర్వాత వెతకాల్సి వచ్చింది.

గుండెదడ విచిత్రమైన జబ్బు. ఇంట్లో ఉన్నంతసేపు మనిషిని ఆడిస్తుంది, ఆస్పత్రి గేటు కనబడగానే బుద్ధిగా సర్దుకుంటుంది. ఇచ్చోడలో పనిచేసిన రోజుల్లో దడ అంటూ వచ్చినవాళ్ళను ఈసీజీ కోసం ఆదిలాబాద్ పంపేవాణ్ణి. బస్సు దొరికి, దిగి, వరుసలో నిలబడి, బల్ల మీద పడుకునేసరికి ఆ గుండె తపస్సులో కూర్చునేది. కాగితం మీద 'నార్మల్' అని వచ్చేది. ఆ మాట రోగికి ఓదార్పు అని మనం అనుకుంటాం. రోగికి అది తిట్టు. నీకేం లేదు, ఊరికే భయం అని దాని అర్థం. ఇంటికి పోయాక చుట్టాలు అదే అర్థం ఇంకాస్త వివరంగా చెబుతారు.

సర్వీసు చివరి ఏళ్ళలో నన్ను కరీంనగర్‌కు గంటన్నర బస్సు దూరంలో ఉన్న ఒక ఊరికి వేశారు. బీడీల ఊరు. మధ్యాహ్నమైతే అరుగుల మీద ఆడవాళ్ళు చేటలు ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కడుతూ ఉంటారు. చేతులు చేటలో ఉంటాయి, కళ్ళు రోడ్డు మీద ఉంటాయి, నోరు ఎక్కడైనా ఉంటుంది. కంపెనీకీ వీళ్ళకీ నడుమ టేకేదారు అని ఒక మనిషి. ఆకు, తంబాకు ఇచ్చేది అతనే. సాయంత్రం వచ్చి బీడీలు చూసి, నచ్చనివి తీసి పక్కన పారేసేదీ అతనే. పారేసిన వాటికి కూలి ఉండదు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ తిట్లు తినే ఉద్యోగం అతనిది. రెండో స్థానం నాది.

ఆ అరుగుల మీది నుంచే ముప్పై దాటిన ఒకామె అత్తను వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏమైతున్నదమ్మా?"

"గుండెల రోకటి పోటు పడ్తది సారు. దం దం దం అని. మధ్యల ఒకటి తప్పిపోతది. గప్పుడు పానం జారినట్టయితది."

"ఎప్పుడొస్తది?"

"బీడీలు చేసేటప్పుడు. వండేటప్పుడు. పండుకున్నప్పుడు."

"రానిదెప్పుడు?"

"గిక్కడికి వచ్చినప్పుడు."

పక్కనున్న అత్త అందుకుంది. "నాకు సుత కొట్టుకుంటది సారు గుండె. కొట్టుకోకుంటే సస్త గద. నేనేమన్న దవాఖానకు వచ్చిన్నా?"

ఈసీజీ తీశాం. నార్మల్. కోడలి ముఖం చిన్నబోయింది, అత్త ముఖం పెద్దదైంది. మా స్టాఫ్ నర్సు ఆ రెండు ముఖాలూ చూసి, వాళ్ళు పోయాక నాతో అన్నది: "సార్, మీరు నార్మల్ అన్నరు. ఇగ ఇంట్ల ఆమెను దెప్పనీకి అత్తకు నెల రోజులు చాలయి." ఈ నర్సు ఆదివారం మిషన్ చర్చిలో పాటలు పాడుతుంది. మిగతా రోజుల్లో మాట్లాడుతుంది. రెంటికీ గొంతు ఒకటే, ఊరి చివరిదాకా వినబడుతుంది.

కరీంనగర్‌లో గుండె డాక్టరుగా స్థిరపడిన నా సహాధ్యాయికి ఫోన్ చేశాను. వాడు ఒక పట్టీ పంపాడు. అగ్గిపెట్టెను సాగదీసి పల్చగా చేస్తే ఎంత ఉంటుందో అంత. దాని మీద రెండు లోహపు బిళ్ళలు. దాన్ని స్మార్ట్‌ఫోన్ పక్కన పెట్టి, రెండు చేతుల వేళ్ళూ ఆ బిళ్ళల మీద అర నిమిషం ఉంచితే, గుండె కొట్టుకునే గీత ఫోన్ తెర మీద పాకుతూ వస్తుంది. దాన్నే వాట్సాప్‌లో డాక్టరుకు పంపొచ్చు. నేను చదువుకున్న రోజుల్లో ఈసీజీ మిషన్ బీరువాలో ఉండేది, తాళంచెవి సెలవులో ఉన్న మనిషి దగ్గర ఉండేది. అలాంటిది ఒక గుండె, దానికి దడ పుట్టిన చోటే, పుట్టిన క్షణంలోనే తనను తాను గీసుకుని నా జేబులోకి వచ్చి టింగుమంటుందంటే, మా ఇంట్లో చెబితే నమ్మలేదు. నిజానికి నేనూ నమ్మలేదు.

మొదటి రోజు ఆ నమ్మకం లేకపోవడమే సరైనదనిపించింది. కోడల్ని పిలిపించి, పట్టీ ఆమె ఫోన్ పక్కన పెట్టి వేళ్ళు ఉంచమంటే గీత రాదు. ఏళ్ళ తరబడి ఆకూ తంబాకూ తాకి ఆమె వేలికొనలు ఎండిన తోలులా అయ్యాయి. ఫోన్‌కు ఆ వేళ్ళ వెనుక మనిషి ఉన్నట్టే తెలియలేదు. నర్సు తడి దూదితో రుద్దింది. గీత టక్కున లేచింది.

"ఇంట్ల దూది యాడిది సిస్టరమ్మా?"

"తునికాకు తడిపే నీళ్ళున్నయి గద. అండ్ల ముంచు."

"దడ వచ్చినప్పుడే పెట్టాలె," అన్నాను నేను. "ఇది నీకొక్కదానికే. ఎవ్వలికీ ఇయ్యద్దు."

"ఇయ్య సారు."

ఆ మాట నమ్మాను. ఆ అరుగు మీద కత్తెర ఒకరిది కాదు, దారపుండ ఒకరిది కాదు, చాయ్ గ్లాసు ఒకరిది కాదు. మధ్యాహ్నం ఎండకు వచ్చే కోపం కూడా అందరిదీ కలిపి ఒకటే. పట్టీ మాత్రం ఒక్కరిదిగా ఉంటుందని నేను అనుకోవడానికి నా చదువు తప్ప వేరే కారణం కనబడదు.

గీతలు రావడం మొదలైంది. ఒక మధ్యాహ్నం నేను అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆమె దడ నా ఫోన్‌లోకి వచ్చింది. సరిగ్గా దడ వస్తున్నప్పుడు తీసిన గీత. వరుసగా నడుస్తున్న కొట్టుకోవడాల మధ్య ఒకటి తొందరపడి ముందే దూకుతోంది, తర్వాత చిన్న విరామం, మళ్ళీ దారిలో పడుతోంది. ఆమె చెప్పిన 'ఒకటి తప్పిపోతది' అక్కడ, అన్నం పక్కన, అచ్చు ఆమె చెప్పినట్టే ఉంది. అన్నేళ్ళలో ఎంతమందికి భయం అని చెప్పి పంపానో, వాళ్ళందరి గుండెల్లోనూ ఇలాంటిదేదో నా వీపు వెనుక దూకి ఉంటుంది. కూర చల్లారిపోయింది.

ఆ దూకుడు ప్రమాదం లేనిది. అలసటకూ, నిద్ర చాలకపోవడానికీ, అన్నం మాని తాగే చాయ్‌కీ వస్తుంది. ఆ సంగతి ఆమెకు చెప్పి, ఇంకో వారం చూద్దామని పట్టీ ఆమె దగ్గరే ఉంచాను.

ఆ వారంలోనే శుక్రవారం సాయంత్రం ఇంకో గీత వచ్చింది.

అది చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఏ రెండు కొట్టుకోవడాల మధ్య దూరమూ ఒకటి కాదు. ప్రతి కొట్టుకోవడానికీ ముందు ఉండాల్సిన చిన్న గుట్ట లేదు. దాని చోట గీత సన్నగా వణుకుతోంది. పిల్లలూ, మీకు ఇది తెలుసు కాబట్టి మిగతావాళ్ళ కోసం చెబుతాను. గుండె పై గదులు కొట్టుకోవడం మానేసి వణుకుతున్నాయన్నమాట. వణికే గదిలో నెత్తురు నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఏదో ఒక రోజు మెదడుకు ప్రయాణం పెట్టుకుంటే ఒక పక్క చెయ్యి, కాలు, కొన్నిసార్లు మాట కూడా పోతాయి. ఆ రోజు రేపు కావచ్చు, అయిదేళ్ళ తర్వాత కావచ్చు. నెత్తురు గడ్డకట్టకుండా చూసే మాత్ర ఉంది. సమయానికి వేసుకోవాలి, అంతే.

గీతను నా మిత్రుడికి పంపాను. "ఆమెను వెంటనే పంపించు," అన్నాడు.

మర్నాడు ఆమెను పిలిపించి, జాగ్రత్తగా, భయపెట్టకుండా చెప్పాను. భయపెట్టకుండా చెబితే జనం ఎక్కువ భయపడతారు. ఆమె బల్ల అంచు పట్టుకుంది. నర్సు ఆమె భుజం మీద చెయ్యి వేసి, "శుక్రారం గిది పెట్టినప్పుడు ఎట్లున్నది నీకు? కండ్లు తిరిగినయా?" అని అడిగింది.

"శుక్రారమా? శుక్రారం నేను పట్టీ ముట్టనే లే సిస్టరమ్మా. మా తమ్ముని కొడుక్కి అక్షరాభ్యాసం, బాసర పోయిన."

"మరి ఫోన్?"

"మా అత్త దగ్గర ఇడిసిపెట్టి పోయిన."

"మీ అత్త పెట్టుకున్నదా?"

ఆమె ఫ్యాను వైపు చూసింది. "ఎర్కలే సారు."

ఎరుక బాగా ఉన్నవాళ్ళే ఆ మాటను అంత మెల్లగా అంటారు. ఇంకొంచెమైతే బాసరలో సరస్వతికి మొక్కి వచ్చిన మనిషికి ఎవరి జబ్బుకో మందు రాసేవాణ్ణి. అది తప్పింది. కానీ నా ఫోన్‌లో ఒక గుండె ఉంది, అది ప్రమాదంలో ఉంది, అది ఎవరిదో నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నమే నర్సును తీసుకుని వాళ్ళ అరుగు దగ్గరికి పోయాను. ఏడెనిమిది మంది ఉన్నారు. అత్త నడుమ కూర్చుంది. ఆమె ఎక్కడ కూర్చున్నా అదే నడుమ అవుతుంది.

"శుక్రవారం ఈ పట్టీ మీద ఎవరు వేళ్ళు పెట్టిండ్రు?"

"ఏలు పెట్టుడు మాకు అలవాటు లేదు సారు," అన్నది ఒకామె. "ఒకలింట్ల సుత పెట్టం."

"అవ్వో, నిన్ననే మా ఇంట్ల పెట్టినవు గదనే," అన్నది పక్కనామె. అరుగంతా నవ్వు.

సరే, అందరినీ చూస్తానన్నాను. ఒకరి తర్వాత ఒకరు ఆకు నీళ్ళలో వేళ్ళు ముంచి పట్టీ మీద పెట్టారు. ఫొటోకు కూర్చున్నట్టు కొంగు సర్దుకున్నారు. ఒకామె ఊపిరి బిగబట్టి, ఇడువచ్చా సారు అని సైగ చేసింది. అందరి గీతలూ చక్కగా ఉన్నాయి. అత్తదైతే గోడ కట్టే మేస్త్రీ తాడు పట్టి గీసినట్టుంది. కానీ ఈ వణుకు వచ్చి పోతూ ఉండొచ్చు. ఇప్పుడు బాగుందంటే శుక్రవారం బాగుందని కాదు. నాకు తెలిసింది ఒక్కటే: ఇక్కడ అందరికీ తెలుసు.

చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఎవరో ఏమో నాకు తెల్వది. కొట్లాడను, తిట్టను. కానీ ఆ మనిషికి ఎప్పుడైనా పక్షవాతం రావచ్చు. మందున్నది. ఎవరికియ్యాలో తెల్వక నా దగ్గర్నే ఉన్నది."

కత్తెరల చప్పుడు ఆగిపోయింది. ఆ ఊళ్ళో అప్పటిదాకా ఆ చప్పుడు ఆగడం నేను వినలేదు.

"పక్షవాతమంటే," అన్నది అత్త, "చేతులు పడిపోవుడే గద?"

"అవును."

"మందు ఏస్తే ఆగుతదా?"

"చాలామందికి ఆగుతది."

ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. మిగతావాళ్ళంతా ఆమె ముఖమే చూశారు.

"మీరు పోండి సారు," అన్నది.

పోయాను. తోవలో నర్సుతో, "సర్వీసులో నన్ను ఇంత మర్యాదగా ఎవరూ వెళ్ళగొట్టలేదు," అన్నాను. ఆమె నవ్వలేదు. "వాళ్ళు చెప్పరు సార్. ఒట్టు పెట్టుకున్నట్టున్నరు. పిల్లల మీద పెట్టి ఉంటరు, అందుకే నోరు లేస్తలేదు," అన్నది.

ఆమె చెప్పింది నిజమైతే ఇక నా చేతిలో ఏమీ లేదు. తర్వాతి రెండు రోజులూ ఎవరైనా కుంటుతూ వస్తే లేచి నిలబడేవాణ్ణి. ఒక పెద్దాయన ఎడమ చెయ్యి ఈడ్చుకుంటూ వస్తే ఎదురు పరిగెత్తాను. తేలు కుట్టిందట. ఆయన కన్నా నేనే ఎక్కువ తేరుకున్నాను.

మూడో రోజు పొద్దున ఓపీ మొదలుకాకముందే టేకేదారు వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"సారు, ఏం సూది గుచ్చిండ్రు గీ ఆడోళ్ళకు?"

"ఏమైంది?"

"మీరు అరుగు మీదికి వచ్చిపోయిన కాంచి బీడీలు ఇస్తలేరు. చేస్తున్రు, కట్టలు కడ్తున్రు, ఇస్తలేరు. కూలి పెంచాల్నా అంటే వద్దంటున్రు. జిందగీల ఇదే మొదటిసారి, వద్దనుడు. కంపెనీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. పరేషాన్ చేస్తున్రు."

"మరేం కావాలట?"

అతను ఫ్యాను వైపు చూశాడు.

అప్పటికే వాళ్ళు గేటు లోపలికి వచ్చారు. అందరూ. చేటలతో సహా. ఆవరణలో గోడ పక్కన నీడ చూసుకుని కూర్చుని పని మొదలుపెట్టారు. ఆ గోడ మీద పొగాకు ప్రాణాంతకం అని పెద్ద అక్షరాలతో రాయించింది నేనే. నర్సు కిటికీ లోంచి చూసి, "సార్, మన బోర్డు కిందనే బీడీల కార్ఖానా పెట్టిండ్రు," అన్నది.

అత్త కూర్చున్న చోటి నుంచే కేకేసింది. "టేకేదారూ, సారు అడుగుతుండు గద, చెప్పు."

"ఏం చెప్పాలె?"

"నాకేమెర్క? నేను పిల్లల మీద ఒట్టేసిన. నోరు ఇప్ప."

"మరి బీడీలెందుకు ఇయ్యవు?"

"బీడీలు ఇస్తనని ఒట్టెయ్యలే గద."

టేకేదారు అక్కడే ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. నర్సు తలుపు దగ్గరికి వేసింది. అతను జేబులోని పెన్నులు తీసి బల్ల మీద పెట్టాడు.

"శుక్రారం బీడీలు చూడ పోయి ఊకెనే పెట్టిన సారు. దీంట్ల గుండె కనబడుడేంది అని మజాక్‌కు. ఫోన్ల ఏదో ఎర్రగ వచ్చింది, డాక్టరుకు చూపియ్యాలె అని. అరుగు మీది ఆడోళ్ళు మీకు పంపే మీట ఒత్తిండ్రు. ఎవలదో చెప్పద్దని అందరితోని ఒట్టు ఏపిచ్చిన."

"ఎందుకు?"

"పానం బాగలేదంటే కంపెనీ వేరేటోనికి ఇస్తది సారు. గదొక్కటే గాదు. మా బాపు గట్లనే పడ్డడు. మంచంల ఉన్నన్ని దినాలు నేనే తినవెట్టిన, నేనే కడిగిన. నోట్లె మాట లేదు, కండ్లల్ల నీళ్ళు ఉంటుండె. నాకెర్క గదేందో. అందుకే ఎర్క చేసుకోవద్దనుకున్న."

"వేళ్ళు పెట్టు," అన్నాను.

"పెడితే, ఉన్నదని వస్తే?"

"ఉంటే ఇప్పటికే ఉన్నది. పెడితే మందు సుత ఉంటది."

అతని వేళ్ళూ ఆ ఆడవాళ్ళ వేళ్ళలాగే ఉన్నాయి. రోజంతా బీడీలు తడిమి ఎండిపోయాయి. నర్సు తడి చేసింది. పెట్టాడు. గీత మొదలైంది. శుక్రవారం నాటిదే. ఆ వణుకు, ఆ ఒకదానికొకటి పొసగని దూరాలు. అరవై వేల మందిలో ఉన్నా గుర్తుపట్టేవాణ్ణి.

నా కళ్ళు ఫోన్ మీదే ఉండాల్సింది. కిటికీ మీదికి పోయాయి. ఇనుప చువ్వల వెనుక ముఖాలు, ఒకదాని పక్కన ఒకటి. అందరూ తమ బీడీలను చూసీ చూడకుండా తీసి పారేసే ఆ చేతుల వంకే చూస్తున్నారు. ఇవ్వని బీడీలకు కూలి లేదు. మూడు రోజులుగా వాళ్ళ ఇళ్ళలో పొయ్యి ఎట్లా వెలిగిందో నేను అడగలేదు. అడగడానికి నాకు ముఖం లేదు. జీవితమంతా గుండెల చప్పుడు విని బతికినవాణ్ణి. గుండె అంటే ఏమిటో పుస్తకంలో ఉన్నంత వరకు నాకు తెలుసు. ఆ కిటికీ దగ్గర నిలబడ్డది పుస్తకంలో లేదు.

"ఉన్నదా సారు?" అన్నది అత్త చువ్వల సందులోంచి.

నాకంటే ముందు టేకేదారే తల ఊపాడు.

"మందు వెట్టు సారు, జర జల్ది. రోజూ మేమే తిడ్తం. నీ చేతులు పడిపోను, నీ చేతులు పడిపోను అని. ఊకె నోటి మాట. గట్ల తాకుతదని ఎవలికెర్క?"

ఆ రోజు అరుగు మీద కత్తెరలు ఎందుకు ఆగాయో నాకు అప్పుడు అర్థమైంది.

టేకేదారు వేళ్ళు తుడుచుకుంటూ, "నీ నోటికి గంత బలముంటే, అవ్వా," అన్నాడు, "నీ కూలి ఎప్పుడో పెరుగుతుండె."

ఆ రోజే కరీంనగర్ పొమ్మన్నాను. రేపు పోతానన్నాడు. కంపెనీ వాళ్ళకు సరుకు పంపి పోతానన్నాడు. అత్తా కోడలూ అప్పటికే బస్సు స్టేజీ దగ్గర నిలబడ్డారు. ఒక్కణ్ణే పంపితే దారిలో గంగాధర ఊరి దగ్గర దిగి వెనక్కి వచ్చేస్తాడని వాళ్ళ అనుమానం. అనుమానం న్యాయమైనదే.

"మీరెందుకు?" అన్నాడతను.

"ఆడోళ్ళకు బస్సుల టికెట్ లేదు గద. నీది నువ్వు తీసుకో," అన్నది కోడలు.

"అరే, బీడీలెవలు ఏరుతరు?"

"మావాళ్ళే ఏరుకుంటరు తీయి. ఇయ్యాల ఒక్కటి సుత ఖరాబు గాదు, ఫికర్ చెయ్యకు."

బస్సు వచ్చింది. కిటికీ పక్కన అత్త, ఇటు పక్క కోడలు, నడుమ టేకేదారు. పారిపోయే వీలు లేకుండా కూర్చోబెట్టారు. మా నర్సు గేటు దగ్గర నిలబడి ప్రార్థన చేసింది, ఈసారి మాత్రం లోలోపలే. ఆవరణలో మిగిలినవాళ్ళు చేటలు దులుపుకుని లేచి, కట్టలన్నీ సంచుల్లో నింపి అతని ఇంటికి మోసుకుపోయారు.

సాయంత్రం నా మిత్రుడు ఫోన్ చేశాడు.

"మంచి పని చేసినవ్‌రా. గడ్డ ఇంకా ఏం కట్టలే. మాత్ర ఈ రోజే మొదలుపెట్టిన. పదిహేను దినాలకోసారి పంపు. కని, ఎవర్రా ఆ వెంట వచ్చిన ఆడోళ్ళు?"

"ఏమైంది?"

"ఈయన నీకేమైతడమ్మా అంటే, మా బీడీలు పారేసేటాయన అన్నది ముసలామె. ఇంకేం చుట్టరికం లేదా అంటే, గది చాలదా అన్నది. గుండె స్కానింగు గది బయట కూసోమంటే కూసోలే. ఆయన గుండె తెర మీద కొట్టుకుంటుంటే దగ్గరికి పోయి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చానాసేపు సూసింది."

"ఏమన్నది?"

"గన్ని తిట్లు తిన్నది, ఒక్కనాడన్న ఆగలే సూడు బిడ్డా, అన్నది."